జిగురు ఆరేదాకా

వేలు ఆనించగానే ఊడి వచ్చింది. చూడడానికి మాత్రం నిక్షేపంగా ఉంది. కోను చుట్టూ నల్లగా, గుండ్రంగా, ఉండాల్సిన చోటే ఉంది ఆ ఫోము అంచు. ముట్టుకునేసరికి చెమ్మ పట్టిన బెల్లంలా వేలికి అంటుకుని, నలిగి, బల్ల మీద రాలిపోయింది. వెంటనే ఆ వాసన. పాతబడిన ఫోముకి ఒక వాసన ఉంటుంది. కొబ్బరిపీచు నానిన నీళ్ళల్లో కాస్త పులుపు కలిసినట్టుంటుంది. రోజూ ఆ వాసనలోనే కూర్చుని పనిచేసేదాన్ని కనుక మామూలుగా నాకది తెలియను కూడా తెలియదు. ఈ పొద్దుట మాత్రం తెలిసింది. ఎందుకంటే ఈ అంచు నేను అతికించినదే. సత్యం మావయ్యగారి ఆఖరి రోజున అతికించినది.

స్పీకర్ల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. పెద్ద స్పీకరు పెట్టెలో కాగితంతో చేసిన గరాటులాంటి కోను ఉంటుంది. అది ముందుకీ వెనక్కీ ఊగితేనే మనకి పాట వినపడుతుంది. ఊగడానికి వీలుగా దాని చుట్టూ మెత్తటి ఫోము అంచు వేసి ఇనప చట్రానికి అతికిస్తారు. కాగితం నిలుస్తుంది, అయస్కాంతం నిలుస్తుంది, చెడేది ఆ మెత్తటి అంచే. వాడినా చెడుతుంది, గుడ్డ కప్పి దాచుకున్నా చెడుతుంది. మా కోనసీమ గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉన్నాయి కనుక ఇంకాస్త తొందరగా చెడుతుంది. ఒకప్పుడు గల్ఫు వెళ్ళిన మనవాళ్ళు మోసుకొచ్చిన పెట్టెలు ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వాటి అంచులు ఊడదీసి కొత్తవి వెయ్యడమే నా పని. రాజోలులో కాలవగట్టు మీద, మా ఇంటి వసారాలో బల్ల వేసుకుని చేస్తాను. ఆ పనీ, ఆ బల్లా, ఆ పనిలో నాకున్న కాస్త ఓపికా సత్యం మావయ్యగారివి. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు నేను తలుచుకునే పేర్లలో ఆయనది ముందుంటుంది. ఆయన దేవుణ్ణి నమ్మేవారు కాదు. అయినా నేను తలుచుకుంటాను.

మావయ్యగారంటే చుట్టరికం కాదు. గోడపక్క ఇల్లు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనీ, ఆయన భార్య దుర్గగారిని వదినగారూ అనీ పిలిచేది. అలా నాకు మావయ్యగారూ అత్తయ్యగారూ అయ్యారు. ఆయనకి మస్కట్‌లో ఒక దుకాణంలో స్పీకర్లు బాగుచేసే ఉద్యోగం. పిల్లలు లేరు. అత్తయ్యగారొక్కరే ఇక్కడ ఉండేవారు. ఒక సెలవులకి ఆయన తనతో తెచ్చిన రెండు పెద్ద పెట్టెలు వాళ్ళ ముందుగదిలో ఉండేవి. తెల్లవారగానే ఆవిడ భక్తి పాటల క్యాసెట్టు పెట్టేవారు. గోడకి ఇవతల మాక్కూడా ఆ పాటతోనే తెల్లవారేది. నా ఎడమ కాలు పసితనంలోనే జ్వరం వచ్చి చచ్చుబడింది. గుడికి నడవలేని పిల్లని. గుడే రోజూ పొద్దున్న గోడ దాటి నా దగ్గరికి వస్తోందనుకునేదాన్ని.

కొన్నేళ్ళకి ఆ పాట గొంతు మారింది. గరగరమనడం మొదలుపెట్టింది. మస్కట్ నుంచి ఫోను వచ్చినప్పుడల్లా అత్తయ్యగారు ఆ సంగతే చెప్పేవారు. అంత దూరానికి వినపడాలని కాబోలు గట్టిగా మాట్లాడేవారు. మాకన్నీ వినపడేవి.

"పెట్టెలు బొంగురుపోయేయండీ. పాట పెడితే గరగరమంటన్నాయి. ఎప్పుడొచ్చి చూస్తారు?"

ఆయన అవతల ఏదో అనేవారు. ఈవిడ "ఆయ్... ఆయ్... అలాగేనండి" అని పెట్టేసేవారు. వచ్చే సెలవులకి చూస్తాలే అనేవారట ఆయన. ఊరందరి పెట్టెలూ బాగుచేసే మనిషికి సొంత ఇంటి పెట్టెలు చూడడానికి సెలవు దొరకలేదు. ఈలోగా అత్తయ్యగారికి దగ్గు పట్టుకుంది. అది మాత్రం ఫోనులో చెప్పలేదావిడ. చెప్పమని అమ్మ పోరితే, "అంత దూరంలో ఉన్న మనిషిని కంగారుపెట్టడం ఎందుకండీ వదినగారూ" అన్నారు. చివరికి అమ్మే కబురు పెట్టించింది. ఆయన వచ్చి ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్ళేసరికి చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. ఆ వర్షాకాలంలోనే పోయారు. మావయ్యగారు మళ్ళీ మస్కట్ వెళ్ళలేదు. వసారాలో బల్ల వేసుకుని ఇక్కడే పని మొదలుపెట్టారు. రామచంద్రపురం నుంచి కూడా పెట్టెలు వచ్చేవి ఆయన దగ్గరికి. వచ్చినవాటినల్లా బాగుచేశారు, ముందుగదిలో దుప్పటి కప్పి ఉంచిన ఆ రెండింటినీ తప్ప.

అప్పటికి నేను బడి మొహం చూడని పదహారేళ్ళ పిల్లని. బడి కాలవకి అవతల ఉండేది. వంతెన మీంచి రోజూ ఎత్తుకెళ్ళడానికి నాన్నగారు లేరు. నాకు ఊహ తెలియకముందే పోయారు. కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసి చీపుళ్ళు కడుతూ అమ్మే నాకు అక్షరాలు దిద్దించింది, లెక్కలు నేర్పింది, స్తోత్రాలు నోటికి పట్టించింది. నేనూ పక్కన కూర్చుని ఈనెలు తీసేదాన్ని. ఒక రోజు మావయ్యగారు గోడ దగ్గర నిలబడి చాలాసేపు నా చేతుల వంకే చూశారు.

"చెల్లెమ్మా, మీ బుల్లెమ్మని నా దగ్గరికి పనికి పంపుతారా?"

అమ్మ నవ్వింది. "అది నాలుగడుగులేస్తే పడిపోద్ది అన్నయ్యగారూ. అదేం పని చేస్తాదండీ?"

"నడిచే పని కాదమ్మా, కూర్చునే పనే. దీనికి కాళ్ళతో అవసరం లేదు."

"ఆడపిల్లకి ఆ వైర్లూ కరెంటూ ఏంటండీ? రేపు ఏదైనా అయితే?"

"కరెంటు జోలికి పోనివ్వను. పాత జిగురు గీకాలంతే, కాగితం చిరక్కుండా. ఈనె మీంచి ఆకు లాగుతుంటే చూసేను. ఇంతసేపట్లో ఒక్క ఈనె విరగలేదు. నా చేతులకి ఆ ఓపిక పోయిందమ్మా."

కాళ్ళతో అవసరం లేదు అన్న ఆ మాట నాకు ఎంత హాయిగా వినపడిందో ఎలా చెప్పాలి? అప్పటిదాకా ఇంటికి వచ్చినవాళ్ళందరూ నా కాలి గురించే మాట్లాడేవారు. జాలిపడేవారు, మొక్కులు చెప్పేవారు, కొందరు గతజన్మ అనేవారు. ఒక మనిషి వచ్చి నా కాలు లెక్కలోకే రాని పని ఒకటుందని చెప్పడం అదే మొదటిసారి. మర్నాటి నుంచి అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ళ వసారాలో కూర్చోబెట్టి వచ్చేది.

ఆయన మంచిగా మాట్లాడే మనిషి అని చెబితే అబద్ధమవుతుంది. చాలా రోజులు అసలు మాట్లాడేవారే కాదు. భోజనం మరిచిపోయేవారు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి బల్ల మీంచి తల ఎత్తేవారు కాదు. వాళ్ళు విసుక్కుని పోయేవారు. పని నేర్పేటప్పుడు కూడా మాటలు తక్కువే. నా వేలి మీద వేలు పెట్టి, కోను కాగితం మీద ఎంత ఒత్తిడి పడాలో చూపించేవారు. మాటగా చెప్పినవి రెండే. "ఆరకుండా కదపకూడదు. వినకుండా బాగయిందని చెప్పకూడదు." పనికి సంబంధించి ఆ రెండింటి మీదే నేనీ రోజుకీ నడుస్తున్నాను.

కోను వెనక సన్నటి రాగితీగ చుట్ట ఉంటుంది. కాయిలు అంటాం. అది అయస్కాంతం సందులో దేనికీ తగలకుండా సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఒక పక్కకి వెంట్రుకవాసి జరిగినా రుద్దుకుని గరగరమంటుంది. అలా జరగకుండా కోను మధ్యలో ఉండే మూత ఊడదీసి, కాయిలు చుట్టూ సందులో సన్నటి ఫిల్ము ముక్కలు దూరుస్తాం. కాయిలు కదలకుండా నిలబడుతుంది. అప్పుడు ఫోము అంచుని చట్రానికి అతికించి, పూర్తిగా ఆరాక ముక్కలు లాగేసి మూత పెడతాం. మావయ్యగారు ఫోటో స్టూడియో నుంచి తెచ్చిన పాత ఫిల్ము వాడేవారు. ఒక వానాకాలం అదంతా చెమ్మకి అతుక్కుపోయి పాడయింది. ఆయన లేచి గదిలోకి వెళ్ళారు. గోడకి మేకుకి తగిలించి ఉన్న పెద్ద కవరు తెచ్చారు. అందులోంచి అత్తయ్యగారి ఎక్స్‌రే తీసి కత్తెర అందుకున్నారు.

నాకు మజ్జిగ ఇవ్వడానికి అప్పుడే వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యయ్యో, అదేం పనండీ అన్నయ్యగారూ! వదినగారి ఫోటో కాదండీ అది?"

"ఇందులో ఆవిడ లేదమ్మా" అన్నారాయన కత్తెర ఆపకుండా. "ఆవిడకొచ్చిన జబ్బుంది. మేకుకి వేలాడుతూ రోజూ నన్ను చూస్తంది. ఏదో ఒక పని చెయ్యనీండి దాన్ని."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన వేలి వెడల్పున ముక్కలు కోసి, నాలుగు నా ముందు పెట్టారు. వెలుగుకి ఎత్తి చూస్తే ఒకదాంట్లో పక్కటెముక నీడ వంపు తిరిగి ఉంది. నా చేతులు ముందుకి రాలేదు. "దూర్చమ్మా" అన్నారు. మనసులో దణ్ణం పెట్టుకుని దూర్చాను. సరిగ్గా సరిపోయింది.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథ తెలియదు. పని కొంచెం చేతికొచ్చాక, ఐ.పోలవరం నుంచి రొయ్యల చెరువులాయన తెచ్చిన పెట్టె ఒకటి మొదటిసారిగా నేనొక్కదాన్నే చేశాను. జిగురు ఆరింది, ముక్కలు లాగేశాను. శుక్రవారం. నా చేతి మీదుగా పూర్తయిన మొదటి పని. ఇంట్లో కొత్త చాట తెచ్చినా బొట్టు పెట్టేవాళ్ళం మేము. కోను మీద ఇంత కుంకం పెట్టి, పైన మూత అతికించాను. మావయ్యగారు మందుల దుకాణానికి వెళ్ళి ఉండడంతో వినకుండానే పక్కన పెట్టేశాను. సాయంత్రం పెట్టె మనిషి వచ్చాడు.

"ఏంటండీ సత్యంగారూ, మా దుబాయి స్పీకరు ఈ పాప బాగుచేసిందా?"

"ఆయ్."

"మీరు చెయ్యి పెట్టలేదా?"

"నేను పెడితే వచ్చే నెలకి అయ్యేదండి."

వైరు తగిలించి పెట్టారు. పాట వెనకాల ఒకటే రొద. చెరువులాయన పెద్దగా నవ్వాడు. "ఇదేంటండీ బాబూ, మా చెరువులో ఏరేటరు చక్రం తిప్పినట్టుంది! రొయ్యలకి వినిపిద్దామనుకున్నారేంటి?"

మావయ్యగారు మూత ఊడదీసి, టార్చి వేసి చూశారు. సందులో ఎర్రటి రేణువులు. "ఇదేంటి బుల్లెమ్మా?"

"కుంకమండీ... శుక్రవారం కదా అని..."

"అదిరిందండీ, మా స్పీకరు ముత్తైదువైపోయింది!" అన్నాడాయన. మావయ్యగారు నవ్వలేదు, తిట్టలేదు. పుల్లకి జిగురు టేపు చుట్టి, సందులోంచి ఒక్కొక్క రేణువే అద్ది తీశారు. పెట్టె మనిషి వెళ్ళిపోయాక, నావైపు చూడకుండా అన్నారు. "పెట్టాలనిపిస్తే వెనక పెట్టు. అయస్కాంతం వీపున. అక్కడైతే నీ దేవుడికి కనపడుద్ది, కాయిలుకి అడ్డం రాదు." దేవుడంటే గిట్టని మనిషికి ఆ చోటు ఎలా తట్టిందా అనుకున్నాను గానీ అడగలేదు. ఆ రోజు నుంచి నేను ముట్టుకున్న ప్రతి స్పీకరుకీ వెనకాల ఒక చిన్న బొట్టు ఉంది. పెట్టెల వాళ్ళెవరికీ తెలియదు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. నా చేతులు ఆయన చేతులయ్యాయి. ఆయన చేతులు వణకడం ఎక్కువైంది. తరువాత దగ్గు వచ్చింది. ఆ దగ్గు చప్పుడు గోడకి ఇవతల నుంచి వినగానే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంతకు ముందు విన్న దగ్గే అది. ఎన్నిసార్లు చెప్పినా ఆసుపత్రికి కదల్లేదు. చివరికి ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా కాకినాడ బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి పెద్ద కవరుతో తిరిగొచ్చారు. వచ్చి అది నా బల్ల మీద పెట్టారు.

"ఇదిగో, ఫిల్ము అయిపోవచ్చిందన్నావు కదా."

నాకు ముందు అర్థం కాలేదు. కవరు తెరిస్తే లోపల ఆయన ఎక్స్‌రే. "మందులు వాడితే తగ్గుద్దేమో మావయ్యగారూ... ఇంకో చోట చూపిద్దామండీ..."

"డాక్టర్లని అడిగేను. మీ అత్తయ్యప్పుడు ఏ మొహం పెట్టేరో అదే మొహం పెట్టేరు." స్టూలు మీద కూర్చున్నారు. ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది. "గదిలో ఆ పెట్టెలున్నాయి. వాటిని దింపించు. బాగుచెయ్యి."

ఆయన నోటి నుంచి ఆ పెట్టెల మాట అదే మొదటిసారి నేను వినడం.

"నీ దేవుడున్నాడో లేడో నాకు తెలీదు బుల్లెమ్మా. మీ అత్తయ్య మటుకు ఉంటాది. ఎదురొచ్చి మొదట అడిగే మాటే అది. పెట్టెలు బాగుచేసేరా అని. ఏం చెప్పమంటావు? సెలవు దొరకలేదని చెప్పనా?"

అంతే. మరి ఆయన బతుకులో ఇంకేమీ మిగల్లేదు, ఆ పెట్టెలు పలకడం ఒక్కటే. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, వచ్చి చూసి వెళ్ళే వాళ్ళకి మాత్రం ఆయన మందులు మానేసి పాత స్పీకర్ల కోసం కలవరిస్తున్నాడనిపించింది. మతి చెడిందన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కొలతకి ఫోము అంచులు దొరకక మద్రాసు నుంచి తెప్పించాల్సి వచ్చింది. వానలకి కొరియరు ఆగిపోయింది. రోజూ "వచ్చేయా?" అని అడిగేవారు. అంచులు వచ్చేసరికి ఆయన మంచం మీంచి లేవడం మానేశారు. ఆ మంచాన్ని వసారాలో నా బల్ల పక్కకి వేయించింది అమ్మ.

పెట్టెల మరలు విప్పి స్పీకర్లు బయటికి తీశాను. మొదటిదాన్ని తిప్పి చూస్తే అయస్కాంతం వీపున ఒక బొట్టు. కుంకం రంగు చచ్చి, ఇటుకపొడిలా ఉంది. నేను తలెత్తి ఆయన వంక చూశాను.

"మీ అత్తయ్యే" అన్నారు. "పెట్టెలు దింపిన రోజునే ముందు వేపు బొట్టు పెడతానంది. పాడవుద్దే అన్నాను. అలిగి అన్నం మానేసింది. ఆఖరికి మరలన్నీ విప్పి, ఇదిగో ఇక్కడ పెట్టుకోమన్నాను." కళ్ళు మూసుకున్నారు. పెదాల చివర నవ్వులాంటిదేదో వచ్చి వెళ్ళింది. ఇన్నాళ్ళూ నేను బొట్టు పెట్టిన చోటు ఆవిడ చూపించిన చోటన్నమాట. ఆ పాత బొట్టు పక్కనే నేనొకటి పెట్టాను.

ఒక స్పీకరుకి అత్తయ్యగారి ముక్కలు సరిపోయాయి. రెండోదానికి కొత్త ఫిల్ము కొయ్యాలి. కత్తెర చేతిలో పట్టుకుని అడిగాను. "ఏ వైపు కొయ్యమంటారండీ?"

"ఏ వైపైనా ఒకటే మందం కదమ్మా."

తెల్లటి మచ్చ ఉన్న వైపు వదిలేసి, పక్కటెముకల వైపు కోశాను. కోనుకి అంచుని ముందు రోజే అతికించి ఉంచాను. ఆ పొద్దున్న ముక్కలు దూర్చి, కాయిళ్ళని మధ్యలో నిలబెట్టి, చట్రానికి అతికించాను. ముసురు పట్టి ఉంది. ఆ చెమ్మకి మర్నాటి పొద్దుటిదాకా ఆరదు. మధ్యాహ్నానికి ఆయన ఊపిరి మారిపోయింది. రొప్పు పెరిగింది. అమ్మ తులసి నీళ్ళు పట్టింది. ఆయన వద్దనలేదు.

"ఆరిందా?" అన్నారు.

"ఇంకా లేదండీ. రేపు పొద్దుటికి."

సాయంత్రం అమ్మ నా చెవి దగ్గరికొచ్చింది. "ఒక్కసారి వినిపించేయవే బుల్లీ. రేపటిదాకా ఉండేలా లేరు. ఆయన కోరిక తీరుద్ది." నాకూ అదే అనిపించింది. చెయ్యి ముక్కల మీదకి వెళ్ళింది. అవి లాగి వైరు తగిలిస్తే పలుకుతుంది. జిగురు పచ్చిగా ఉంది కనుక కాయిలు జరిగిపోవచ్చు, జరగకపోనూవచ్చు. ఆయన చూశారు. దుప్పటి మీంచి చెయ్యెత్తి వద్దని ఊపారు.

"చెడితే చెడిందండీ, మళ్ళీ అతుకుతాను" అన్నాను ఏడుస్తూ.

"గరగర విని పొమ్మంటావా?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చాలాసేపటికి మళ్ళీ అన్నారు, ఒక్కొక్క మాటకీ ఊపిరి వెతుక్కుంటూ. "బాగుచేసేనని... చెప్పనా?"

వినకుండా బాగయిందని చెప్పకూడదు. ఆ మాట నాకు నేర్పిన మనిషే అడుగుతున్నారు. నేను వినలేదు. అందులో ఏ రేణువు ఉందో, ఏ కాయిలు ఎటు ఒరిగిందో నాకు తెలియదు. దేవుడి మీద భారం వేసి, "బాగయ్యేయి మావయ్యగారూ. చెప్పండి" అన్నాను. ఆయన "ఆయ్" అన్నారు. మళ్ళీ ఏమీ అడగలేదు. తెల్లవారకముందే పోయారు.

మావయ్యగారి తమ్ముడుగారు వచ్చారు. చెయ్యాల్సినవన్నీ చేసి, ఎండ ఎక్కకముందే తీసుకెళ్ళారు. మగవాళ్ళందరూ కాలవ గట్టు వెంట వెళ్ళిపోయారు. అమ్మ నీళ్ళు పోసి ఇల్లు కడుగుతోంది. నేను బల్ల ముందు కూర్చున్నాను. అప్పటికి జిగురు ఆరింది. ముక్కలు ఒక్కొక్కటే లాగాను. అత్తయ్యగారివి ఇటు, మావయ్యగారివి అటు పెట్టాను. శవం లేచిన ఇంట్లో ఇదేం పని అని ఎవరైనా అంటారేమోనన్న ఆలోచన కూడా రాలేదు నాకు. నేను చెప్పిన మాట అబద్ధమా నిజమా? ఆయన ఆ మాట పట్టుకుని వెళ్ళిపోయారు. నాకు కావలసింది ఆ ఒక్కటే.

రేడియో తగిలించాను. పాట మోసం చేస్తుంది, మనిషి గొంతు చెయ్యదు అనేవారు ఆయన. ఎవరో పెద్దాయన కొబ్బరి చెట్లకొచ్చే తెగుళ్ళ గురించి చెబుతున్నారు. మొదటి పెట్టె శుభ్రంగా పలికింది. రెండోది పెట్టాను. ఆ గొంతు వెనకాల సన్నగా గరగర. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఉంది. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. మావయ్యగారి ముక్కలు దూర్చిన పెట్టె అది. పక్కకి చూశాను. గుమ్మంలో అమ్మ ఈనెల చీపురుతో సిమెంటు నేల మీద నీళ్ళు ఊడుస్తోంది.

"అమ్మా, ఒక్కసారి చీపురు ఆపవే."

అమ్మ ఆపింది. గరగర ఆగిపోయింది. పెద్దాయన గొంతు ఒక్కటే, ఏ మచ్చా లేకుండా, వేపపిండి ఎప్పుడు వెయ్యాలో చెబుతోంది. అమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడి విన్నది. "ఎంత బాగా పలుకుతున్నాయే" అంది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వినాల్సిన మనిషి అప్పటికి కాలవ మలుపు దాటి ఉంటారు.

ఇంటిని తమ్ముడుగారు అమ్మేశారు. పెట్టెలూ, బల్లా, ఆ మంచమూ నాకు ఇచ్చి వెళ్ళారు. రోజూ పొద్దున్న ఆ పెట్టెల్లోనే మా ఇంట్లో పాట పెట్టుకుంటాం. ఒక్క రోజు ఆగి ఉంటే వినేవారు కదా అన్న బాధ నాకు పోలేదు, పోవాలని కూడా కోరుకోను. దాని పక్కనే కృతజ్ఞత ఉంది. నడవలేని పిల్లకి కూర్చునే పని చూపించారు. ఆరేదాకా ఆగడం నేర్పారు. వినకుండా చెప్పకూడదని నేర్పి, వినకుండా చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుందని కూడా నేర్పి వెళ్ళారు. రోజూ దీపం ముందు నేను చేసేది ఆ రెండోదే కదా. ఇంకా వినని దాన్ని నమ్మి దణ్ణం పెట్టడం.

ఇదిగో, ఆ అంచు ఇవాళ రాలిపోయింది. నేను వేసినదీ చెడే కాలం వచ్చింది. పొద్దుటి నుంచి కూర్చుని రెండు స్పీకర్ల పాత జిగురంతా గీకాను. వెనక అత్తయ్యగారి బొట్టు దాదాపు చెరిగిపోయింది, నాదింకా ఉంది. డబ్బాలోంచి ముక్కలు తీశాను. ఇన్నేళ్ళ వాడకానికి వాటి చివరలు అరిగాయి గానీ, పక్కటెముకల నీడలు అలాగే ఉన్నాయి. ఒక స్పీకరుకి ఆవిడవి, ఒకదానికి ఆయనవి. కాయిళ్ళు మధ్యలో నిలబడ్డాయి, దేనికీ తగలకుండా. కొత్త అంచులు అతికించి బోర్లించాను. బయట ముసురు. వసారాలో మావయ్యగారి ఆ మంచం మీదే అమ్మ పడుకుని ఉంది. ఈ ఏడు బాగా తగ్గిపోయింది మనిషి.

"పొద్దున్న పాట లేదేంటే? పెట్టు, కాసేపు విందాం" అంది.

"ఇంకా ఆరలేదమ్మా."

"ఎప్పటికారుద్ది?"

"రేపు పొద్దుటికి."

అమ్మ బల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. దుప్పటి గొంతుదాకా లాక్కుంది.

"సరేలే. ఉంటాను" అంది.